సొంత సైటుకు వర్డ్‌ప్రెస్: చదవడానికి వచ్చిన మనిషి వైపు నుంచి ఒక సమీక్ష

ఉత్తరాంధ్ర సేద్యపు మాటల మీద, సామెతల మీద పాతికేళ్ళుగా రాసుకున్న వ్యాసాలన్నీ ఒకచోట ఉండాలని ఆరేళ్ళ క్రితం నా పేరుతో ఒక వెబ్‌సైటు పెట్టుకున్నాను. నెలనెలా డబ్బు కట్టించుకొని అన్నీ తామే చూసుకుంటామనే ఒక సేవలో దానిని నాలుగేళ్ళు నడిపాను. ఆ సేవ పేరు ఇక్కడ అనవసరం. రెండేళ్ళ క్రితం దానిని వదిలి, సైట్లకు సర్వర్‌లో చోటు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ సంస్థ దగ్గర కొంత చోటు తీసుకొని, అందులో వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌ను నేనే పెట్టుకున్నాను. అదే పేరుతో డబ్బు కట్టి వాడుకునే సేవ మరొకటి ఉంది. నేను చెబుతున్నది దాని గురించి కాదు, ఎవరైనా ఉచితంగా దింపుకొని తమ సర్వర్‌లో పెట్టుకోగలిగే సాఫ్ట్‌వేర్ గురించి. 2003 మే నెలలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ మీదే ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి కాబట్టి దాని వేగం గురించి, అందం గురించి సమీక్షలకు కొదవ లేదు. నేను దానిని రెండు ప్రశ్నలతోనే పరీక్షించాను. చూపు లేనివారు, చూపు మందగించినవారు, చెవి వినబడనివారు, మౌస్ పట్టుకోలేనివారు ఆ సైటులోని రాతను అందుకోగలరా అన్నది మొదటిది. చదవడానికి వచ్చినవారి జాడ వారికి తెలియకుండా ఎవరి చేతికి పోతోంది అన్నది రెండవది.

ఈ ప్రశ్నలు నాకు నా అంతట నేను వేసుకోగా తోచినవి కావు. నా దగ్గర చదువుకొని, తరువాత చూపు పోగొట్టుకొని, ఇప్పుడు తనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న ఒక శిష్యుడు ఒకరోజు ఫోన్ చేసి, "మాష్టారూ, మీ ఏతం వ్యాసం చదవాలని చూశానండి. ఫోను 'ఇమేజ్, ఇమేజ్' అనేసి ఊరుకుంటోందండి" అన్నాడు. అది నా తప్పు. డీటీపీ చేసినవారు ఇచ్చిన పాత ఫైళ్ళలోని అక్షరాలు, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవబడే యూనికోడ్ అక్షరాలు కావు. వాటిని అలాగే అతికిస్తే తెర మీద పిచ్చి గీతలు వస్తున్నాయని, పేజీలను బొమ్మలుగా మార్చి ఎక్కించాను. పదిహేనేళ్ళ కిందటి తెలుగు పత్రికల వ్యాసాలు ఎన్నో ఇంటర్నెట్‌లో ఇలా బొమ్మలుగానే పడి ఉన్నాయి. కంటికి అది అచ్చమైన తెలుగు పేజీయే, తెర మీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు మాత్రం తెల్లకాగితం. యూనికోడ్‌లో టైపు చేసిన వ్యాసాలైనా చదవగలుగుతున్నావా అని అడిగితే, వాటిని ఫోను ఇంగ్లీషు గొంతుతో మొదలుపెట్టి, తెలుగు అక్షరాలను మింగేసి, మధ్యలో ఉన్న సంవత్సరాల అంకెలను మాత్రం స్పష్టంగా పలుకుతోందని చెప్పాడు.

ఆ రెండవ జబ్బుకు మూలం వెతకడానికి నాకు వారం పట్టింది. వెబ్ పేజీ కోడ్ మొదట్లోనే అది ఏ భాషలో ఉందో చెప్పే చిన్న గుర్తు ఒకటి ఉండాలి. స్క్రీన్ రీడర్ ఆ గుర్తును చూసి, తన దగ్గర ఉన్న గొంతులలో ఏది వాడాలో నిర్ణయించుకుంటుంది. పాత సేవలో అది ఇంగ్లీషు అని రాసి ఉంది, మార్చుకునే వీలు నాకు ఇవ్వలేదు. వర్డ్‌ప్రెస్‌లో సాధారణ అమరికల పేజీలో సైటు భాష తెలుగు అని ఎంచుకుంటే చాలు, ప్రతి పేజీకీ ఆ గుర్తు దానంతట అదే చేరుతుంది. నిర్వహణ పేజీలు తెలుగులో వస్తే తికమకపడేవారు తమ సొంత ప్రొఫైల్‌లో భాషను ఇంగ్లీషుగా ఉంచుకోవచ్చు. 2016 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.7 కూర్పు నుంచి ఈ రెండింటినీ వేరుచేశారు. వ్యాసం మధ్యలో ఒక ఇంగ్లీషు వాక్యాన్ని ఉటంకిస్తే, దానిని ఎంచుకొని ఈ ముక్క వరకు భాష వేరు అని గుర్తు పెట్టే సదుపాయం కూడా ఎడిటర్‌లో ఉంది. తెలుగు సైట్లు నడిపేవారిలో ఎందరు ఈ ఒక్క అమరికను చూసుకున్నారో గాని, నా మటుకు నాకు వర్డ్‌ప్రెస్‌కు మారినందుకు పెట్టిన శ్రమంతా దీనితోనే గిట్టుబాటైంది.

సైటు రూపాన్ని నిర్ణయించే థీము విషయంలో నేను కొత్తదనం కోసం పోలేదు. 2023 నవంబరులో 6.4తో పాటు వచ్చిన ట్వెంటీ ట్వెంటీ-ఫోర్ అనే థీమునే తీసుకున్నాను. థీముల జాబితాలో, వైకల్యం ఉన్నవారి అందుబాటుకు సిద్ధంగా ఉన్నవాటిని మాత్రమే చూపించే వడపోత ఒకటి ఉంది. కీబోర్డుతోనే అంతా తిరగగలగడం, రంగుల తేడా, శీర్షికల వరుస వంటివాటిని పరిశీలించాకే ఆ ముద్ర వేస్తారు కాబట్టి వెతుకులాట అక్కడ మొదలుపెట్టడం మంచిది. పేజీ తెరిచి ట్యాబ్ నొక్కగానే, పైనున్న మెనూ అంతా దాటుకొని నేరుగా వ్యాసంలోకి తీసుకుపోయే లంకె కనిపిస్తుంది. మౌస్‌తో చదివేవారికి ఆ లంకె ఉందని కూడా తెలియదు. మెనూలోని ఇరవై మాటలను పేజీ పేజీకీ వినవలసివచ్చే మనిషికి మాత్రం అది వీధిగుమ్మం లాంటిది.

శీర్షికల సంగతి నేను మొదట తేలికగా తీసుకున్నాను. ఉపశీర్షిక అంటే అక్షరాలు లావు చేయడమే అనుకొని నా వ్యాసాలన్నింటిలో అలాగే చేశాను. శిష్యుడు తన కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకొని నా పక్కన కూర్చున్న మధ్యాహ్నం ఆ భ్రమ వదిలింది. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ఈ ఉచిత స్క్రీన్ రీడర్‌లో హెచ్ అక్షరం నొక్కితే తరువాతి శీర్షికకు దూకుతుంది. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లంకెలన్నీ, శీర్షికలన్నీ ఒక పట్టికగా వస్తాయి. మనం పుస్తకం తిరగేస్తూ కంటితో ఏరుకునేదాన్ని అతను ఆ పట్టికలో ఏరుకుంటాడు. లావు అక్షరాలు ఆ పట్టికలోకి రావు. ఎడిటర్‌లోని రూపురేఖల పట్టీ శీర్షికల మెట్లు తప్పితే ఎక్కడ తప్పాయో చూపిస్తుంది గనుక 140 వ్యాసాలను సరిచేయడానికి నాకు నెల సరిపోయింది.

బొమ్మల దగ్గర వర్డ్‌ప్రెస్ మర్యాద కొంచెం మొహమాటంగా మారుతుంది. ప్రతి బొమ్మకూ ప్రత్యామ్నాయ పాఠ్యం రాసే గడి ఉంది. అది ఖాళీగా వదిలేస్తే హెచ్చరించదు, ఆపదు, ఆ బొమ్మ కేవలం అలంకారమని భావించి స్క్రీన్ రీడర్‌కు దాటవేయమని చెబుతుంది. అలంకారానికి పెట్టిన ముగ్గు బొమ్మ విషయంలో అది సరైన పనే. గొర్రు, గుంటక, కాడి ఒకదాని పక్కన ఒకటి పెట్టి తీసిన ఫొటో విషయంలో మాత్రం, వ్యాసంలోని సగం విషయం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. రాసేవారు మరిచిపోయారా, కావాలనే వదిలారా అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

రంగులలో మాత్రం అది మొహమాటపడదు. అక్షరాల రంగు, వెనుక రంగు మరీ దగ్గరగా ఎంచుకుంటే చదవడం కష్టమవుతుందని వెంటనే హెచ్చరిస్తుంది. మామూలు పరిమాణంలోని అక్షరాలకు ఆ తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను యంత్రంతో తనిఖీ చేస్తుంది, 2025లో 94.8 శాతం పేజీలలో ఏదో ఒక లోపం దొరకగా, 79.1 శాతం పేజీలలో ఉన్నది ఈ వెలిసిపోయిన అక్షరాల లోపమే. పాత సేవలో నా సైటుకు ఇచ్చిన లేత బూడిద రంగు నాకూ ఎంతో నాజూకుగా కనిపించింది. శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఆరు నెలలు నా రాతను నేనే చదువుకోలేకపోయాక ఆ నాజూకు ఎవరి కోసమో బోధపడింది.

తెలుగు లిపి మీద ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రత్యేకమైన శ్రద్ధ ఏమీ లేదని మాత్రం ఒప్పుకోవాలి. థీములలోని కొలతలన్నీ ఇంగ్లీషు అక్షరాలకు కుదిరినవి. రాష్ట్రం, శాస్త్రం వంటి మాటలలో కిందికి దిగే వత్తులకూ, కింది వరుసలో పైకి లేచే గుడులకూ మధ్య చోటు చాలక శీర్షికలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. శైలుల పేజీలోకి వెళ్ళి శీర్షికలకు వరుసల ఎడం 1.6, వ్యాసానికి 1.8 పెట్టుకున్నాక కుదుటపడింది. అచ్చుపుస్తకంలా రెండు అంచులూ సమంగా ఉండాలని మనవాళ్ళు పడే తాపత్రయాన్ని కూడా ఇక్కడ వదులుకోవడం మంచిది. తెలుగు మాటలు పొడుగు, బ్రౌజర్ వాటిని విరవదు, కాబట్టి ఫోను తెర మీద మాటకూ మాటకూ మధ్య అగాధాలు ఏర్పడి, చూపు మందగించినవారు వరుస తప్పిపోతారు.

ఫాంటు దగ్గరే నా రెండవ ప్రశ్న మొదలవుతుంది. మండలి, సూరన్న, గిడుగు వంటి మంచి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. వాటిని గూగుల్ సర్వర్ నుంచి తెప్పించుకునే పద్ధతిలో పెడితే, నా వ్యాసం తెరిచిన ప్రతి మనిషి ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో అతని కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, ముందుగా అక్కడికి చేరుతుంది. అక్షరం ముక్క కోసం పాఠకుడి ఆనవాలు అంత దూరం పోవలసిన పని లేదు. 2022 జనవరిలో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు ఇదే కారణం మీద ఒక సైటు యజమాని సందర్శకుడికి 100 యూరోలు పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 6.5 నుంచి వర్డ్‌ప్రెస్‌లో ఫాంట్ల భాండారం ఉంది. ఫాంటు ఫైలును అందులోకి ఎక్కిస్తే అది మన సర్వర్‌లోనే ఉండి, మన చోటు నుంచే పాఠకుడికి వెళుతుంది. నేను మండలిని అలా ఎక్కించాను, అయిదు నిమిషాల పని.

పాత సైటులోని ఒక వ్యాసాన్ని తెరిచి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ అన్న పట్టీలో చూసినప్పుడు ఆ ఒక్క పేజీ కోసం పాఠకుడి బ్రౌజర్ పదకొండు బయటి చిరునామాలను పలకరించింది. వాటిలో నేను అడిగి పెట్టించుకున్నవి రెండే. నాగలి గురించి నాలుగు పేజీలు చదవడానికి వచ్చిన రైతుబిడ్డ వెంట పదకొండుమందిని పంపుతున్నానని నాకే తెలియదు. వర్డ్‌ప్రెస్‌లో ఆ థీముతో, అదనపు పనుల కోసం తగిలించే ప్లగిన్ ఏదీ లేకుండా అదే వ్యాసం పెట్టి చూస్తే బయటి చిరునామా ఒక్కటీ లేదు. ఊరికే చదివిపోయేవారికి అది కుకీ (మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైలు) కూడా పెట్టదు, ఎందరు వచ్చారో తనంతట తాను లెక్క రాయదు. హోస్టింగ్ సంస్థ సర్వర్ లాగ్‌లో ఐపీ చిరునామా, సమయం, పేజీ పేరు నమోదవుతాయి; అవి ఎన్నాళ్ళు ఉంటాయో వారినే అడిగి తెలుసుకొని నా గోప్యత పేజీలో రాసుకున్నాను. కుకీలు లేవు గనుక కుకీల అనుమతి అడిగే పెట్టె అవసరం కూడా లేకపోయింది. అక్షరాలు పెద్దవి చేసుకొని చదివేవారికి ఆ పెట్టె ఫోను తెరంతా కప్పేస్తుంది, కీబోర్డు వాడేవారిని కొన్నిసార్లు లోపలే బంధిస్తుంది. పాఠకుడి వెంటపడడం మానితే అతని దారికి అడ్డం కూడా తొలగిపోతుందని నాకు తెలిసింది అక్కడే.

వ్యాఖ్యల దగ్గర వర్డ్‌ప్రెస్ ఇంత నిర్మలంగా ఉండదు. వ్యాఖ్య రాసినవారి ఐపీ చిరునామాను, బ్రౌజర్ వివరాలను డేటాబేసులో దాచుకుంటుంది. కొన్నాళ్ళకు వాటిని చెరిపేసే అమరిక ఏదీ లేదు, అందుకోసం చిన్న కోడ్ ముక్క రాయించుకోవాలి. వ్యాఖ్య పక్కన ముఖచిత్రం కోసం ఈమెయిల్ చిరునామాను సంకేతంగా మార్చి గ్రావతార్ అనే బయటి సేవను అడుగుతుంది. చర్చల అమరికలలో ముఖచిత్రాలు వద్దని గురుతు తీసేస్తే అది ఆగుతుంది. పేరు, ఈమెయిల్ తప్పనిసరి అన్న నిబంధనను కూడా అక్కడే తీసేశాను. ఇవన్నీ మొదటి నుంచీ పాఠకుడికి అనుకూలంగా ఉండి, కావలసినవారు మార్చుకునేలా ఉండవలసినవి. ఐరోపా సమాచార రక్షణ నిబంధనలు అమలులోకి రావడానికి వారం ముందు, 2018 మే నెలలో వచ్చిన 4.9.6లో గోప్యత పేజీకి నమూనా, ఎవరైనా అడిగితే వారి వివరాలను బయటికి తీసి ఇచ్చే, చెరిపేసే సాధనాలు చేర్చారు. అవి ఇప్పటికీ బాగా పనిచేస్తున్నాయి. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యక్తి తన సొంత పనికి, ఇంటి పనికి వాడుకునే సమాచారాన్ని మినహాయిస్తుంది. నలుగురికీ తెరిచిపెట్టిన సైటు ఆ మినహాయింపులోకి వస్తుందా రాదా అన్నది న్యాయవాదులు తేల్చుకోవలసిన సంగతి. ఆ నమూనాను నేను తెలుగులో అరపేజీకి కుదించి పెట్టుకున్నాను.

చిక్కంతా వర్డ్‌ప్రెస్‌కు మనం తగిలించేవాటితో వస్తుంది. చెత్త వ్యాఖ్యలు రాకుండా క్యాప్చా పెట్టమని అందరూ చెబుతారు. ట్రాఫిక్ లైట్లు ఉన్న గళ్ళన్నీ నొక్కమని చూపు లేని మనిషిని అడగడం ఎటువంటిదో చెప్పనక్కరలేదు. ఏమీ అడగకుండా వెనుక నుంచి పనిచేసే రకమైతే, వచ్చినవారు పేజీలో ఎలా కదిలారో గమనించి మార్కులు వేస్తుంది. వర్డ్‌ప్రెస్‌తో పాటే వచ్చే అకిస్మెట్, మనం వాడడం మొదలుపెడితే, ప్రతి వ్యాఖ్యనూ ఐపీ చిరునామాతో సహా తన సర్వర్‌కు పంపి పరీక్షిస్తుంది. నేను యాంటీస్పామ్ బీ అనే ఉచిత ప్లగిన్ పెట్టుకున్నాను. అది పాఠకుల వివరాలను బయటికి పంపకుండానే చెత్తలో ఎక్కువ భాగాన్ని ఆపుతోంది, మిగిలిన నాలుగైదింటిని వారానికోసారి నేనే తీసేస్తున్నాను. లెక్కల కోసం కోకో అనలిటిక్స్ ఉంది. సంఖ్యలు నా డేటాబేసులోనే ఉంటాయి, కుకీ లేకుండా లెక్కపెట్టమని చెప్పవచ్చు. నిజానికి ఆ లెక్క కూడా నాకు ఎందుకో ఇంకా తేల్చుకోలేదు.

తగిలింపులలో అన్నింటికన్నా జాగ్రత్త పడవలసింది అందుబాటు పేరుతోనే అమ్మే పరికరాల దగ్గర. ఒక్క వరుస కోడ్ పెడితే సైటంతా ప్రమాణాలకు సరిపోతుందని చెప్పి, పేజీ మూలలో చక్రాల కుర్చీ బొమ్మ పెడతారు. చూపులేనివారు ముందే తమ స్క్రీన్ రీడర్‌ను తమకు నచ్చినట్టు అమర్చుకొని వస్తారు గనుక, మధ్యలో దూరే ఈ రెండవ గొంతు వారికి అడ్డే. 2025 జనవరిలో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇటువంటి పరికరం గురించి నిజం కాని హామీలిచ్చారన్న ఆరోపణ మీద యాక్సెసిబీ సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించాలని ఉత్తర్వు ప్రకటించింది. నాకు అంతకన్నా కలవరం కలిగించేది మరొకటి ఉంది. ఈ రకం పరికరంలో అక్షరాలు పెద్దవి చేయమనో, చూపులేనివారి అమరిక కావాలనో నొక్కినవారి వైకల్యం, బయటి సంస్థ నడిపే కోడ్‌కు ఆ నొక్కుతోనే తెలిసిపోతుంది. ఇంట్లోవారికి కూడా చెప్పుకోని సంగతిని ఒక వ్యాసం చదివిన పాపానికి ఎవరికో చెప్పుకోవలసి రావడం ఏమి అందుబాటు?

వీడియో లంకె అతికించగానే వర్డ్‌ప్రెస్ దానిని యూట్యూబ్ పెట్టెగా మార్చేస్తుంది, దానితో పాటు యూట్యూబ్ కూడా పేజీలోకి వస్తుంది. నేను ఆ సౌకర్యాన్ని వదులుకొని మామూలు లంకెగానే ఉంచుతున్నాను; నొక్కదలచినవారు తెలిసి నొక్కుతారు. రైతుల నోట రికార్డు చేసిన ఏతం పాటలను మాత్రం నా సర్వర్‌లోనే ఆడియోగా పెట్టి, ప్రతిదాని కిందా పాట పాఠం పూర్తిగా టైపు చేశాను. చెవి వినబడనివారి కోసమని మొదలుపెట్టిన ఆ పని మాండలికం అర్థంకాని పట్నం పిల్లలకు కూడా పనికివస్తోందని ఉత్తరాలు వచ్చాయి.

రాసేవారే చూపులేనివారైతే ఏమిటన్న ప్రశ్నకు నేను అనుభవంతో జవాబు చెప్పలేను, చరిత్ర మాత్రం చెప్పగలను. 2018 డిసెంబరులో 5.0తో కొత్త ఎడిటర్ వచ్చింది. దాని అందుబాటు లోపాల మీద తగువు నడుస్తుండగానే, విడుదలకు రెండు నెలల ముందు, అందుబాటు బృందానికి నాయకత్వం వహించిన ఆమె రాజీనామా చేశారు. మరుసటి ఏడాది బయటివారితో చేయించిన పరిశీలనలో అనేక లోపాలు తేలాయి, అప్పటి నుంచి ఒక్కొక్కటిగా సవరిస్తూ వస్తున్నారు. నా శిష్యుడు తన వ్యాసాన్ని తనకు అలవాటైన వర్డ్ ఫైలులో రాసి నాకు పంపడానికే ఇష్టపడతాడు.

చోటుకూ పేరుకూ కలిపి ఏటా మూడు వేల చిల్లర అవుతోంది, సాఫ్ట్‌వేర్‌కు రూపాయి లేదు. నవీకరణలు వచ్చినప్పుడు పెట్టుకోవడం, వారానికోసారి నకలు తీసి దాచుకోవడం సొంతంగా చేసుకోగలిగినవారికి, సైటు ఎంత బోసిగా ఉన్నా ఫరవాలేదనుకునేవారికి నేను దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను. పుస్తకాలమ్మే దుకాణం, సభ్యత్వాలు, పాఠాలు అన్నీ ఒకేచోట కావాలనుకునేవారు ఒక్కొక్కదానికీ ఒక్కో ప్లగిన్ పెట్టుకుంటూ పోతారు. అప్పటికి పైన నేను చెప్పిన మంచి మాటలలో సగం చెల్లవు.

బొమ్మలుగా ఎక్కించిన పాత వ్యాసాలు ఇంకా ముప్ఫై ఒకటి మిగిలాయి. వాటిని వారానికి ఒకటి చొప్పున మళ్ళీ టైపు చేస్తున్నాను, శిష్యుడు విని దిద్దుతున్నాడు. కంటికి దొరకని అచ్చుతప్పులు అతని చెవికి దొరుకుతాయి. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "మాష్టారూ, మూడో పేరాలో దుక్కిటెద్దు ఉండాలండి, ఇక్కడ దుఃఖిటెద్దు అంటోందండి" అన్నాడు.